రెండు ఎనిమిదులు, ఒక కంకిపాడు కనుమ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా తమ్ముడు మాత్రం పొద్దున్నే బండి తీశాడు. వెనక నేను. వాడి చొక్కా జేబులో రబ్బరు బ్యాండు వేసిన 500 నోట్ల కట్ట.

"కోత మిషను ఆయనకి 18 వేలు ఇచ్చి వచ్చేద్దాం అన్నయ్యా, పది నిమిషాల పని" అన్నాడు.

తమ్ముడంటే మా బాబాయి కొడుకు. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వెతుకుతున్నాడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. నేను హైదరాబాద్‌లో ఉంటాను. సంక్రాంతికి కంకిపాడు పక్కన ఉన్న మా ఊరికి రావడం అంటే నాకు ఏడాదికోసారి ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నట్టు.

కంకిపాడు ఎప్పుడూ రానివాళ్ల కోసం చెప్తాను. విజయవాడలో బెంజి సర్కిల్ దగ్గర బందరు రోడ్డు ఎక్కండి. పటమట, ఆటోనగర్, కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు... ఎక్కడ ఊరు అయిపోయింది, ఎక్కడ ఇంకో ఊరు మొదలైందో మీరు కనిపెట్టలేరు. బట్టల షాపులు, ఇంజినీరింగ్ కాలేజీల బోర్డులు, బిర్యానీ పాయింట్లు, అపార్టుమెంట్లు వరసగా వస్తూనే ఉంటాయి. గంగూరు దాటాక మొదటిసారి ఊపిరాడుతుంది. ఈడుపుగల్లు తర్వాత కంకిపాడు. ముందుకు పోతే ఉయ్యూరు, పామర్రు, చివరికి సముద్రం పక్కన మచిలీపట్నం. ఇదంతా 65వ నంబరు జాతీయ రహదారి. పుణెలో మొదలై మా ఊరి మీదుగా బందరు పోతుంది.

కంకిపాడు పల్లె కాదు, పట్నమూ కాదు. మండల కేంద్రం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది, మేం కృష్ణా జిల్లాలోనే ఉన్నాం. సినిమాకి విజయవాడ, కలెక్టరాఫీసుకి బందరు. రోడ్డు మీద నిలబడితే సిటీ. సందులోకి తిరిగి రెండొందల గజాలు నడిస్తే పొలం. సంక్రాంతికి వరి కోసేసి ఉంటుంది, ఆ మొదళ్ల మధ్య మినుము పచ్చగా లేస్తూ ఉంటుంది. 1855లో కృష్ణ మీద ఆనకట్ట కట్టినప్పటి నుంచి, 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ పచ్చదనమంతా కాలువ నీళ్ల పుణ్యమే. ఇప్పుడు గట్టు పక్కనే సిమెంటు రాళ్లు పాతి ప్లాట్లు వేస్తున్నారు. ఆ సంగతి మొదలెడితే మా నాన్న లాగా సాయంత్రం దాకా మాట్లాడతాను, వదిలేయండి.

బండి మెయిన్ రోడ్డు దిగి తోటల వైపు తిరిగింది. మిషను ఆయన ఇల్లు అటు కాదు.

"ఎటురా?"

"ఒక్కసారి బరి చూసి పోదాం అన్నయ్యా. ఏడాదికి మూడు రోజులే కదా."

దూరం నుంచే మైకు వినిపించింది. చెక్కబద్దలతో కట్టిన బరి, చుట్టూ గ్యాలరీ, పెద్ద ఎల్ఈడీ తెర, పార్కింగులో తెలంగాణ నంబరు కార్లు. డేగా, నెమలా అని చర్చలు. కుక్కుట శాస్త్రం చదివానని చెప్పే పెద్దాయన ఒకడు ప్రతి బరి దగ్గరా ఉంటాడు. ఏ తిథికి ఏ రంగు కోడి గెలుస్తుందో చెప్తాడు, ఆయన మాత్రం పందెం కాయడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, 1974 నాటి మన రాష్ట్ర గేమింగ్ చట్టం ఉంది. పండగ మూడు రోజులూ అవి కూడా సెలవు మీద ఉన్నట్టుంటుంది. కత్తి కట్టిన పుంజులు ఎగిరిన తర్వాత నేను ఎక్కువసేపు చూడలేను. నాటుకోడి కూర తినేవాడికి ఆ జాలి ఏమిటని మా తమ్ముడు అడుగుతాడు. జవాబు లేదు.

అసలు జనం బరి దగ్గర లేరు. వెనక షామియానాల కింద ఉన్నారు. ఒకచోట గుండాట. ఇంకోచోట గుడ్డ పరిచి లోన-బయట. మా వైపు కోత ముక్క అని కూడా అంటారు. పేక మధ్యలోంచి ఒక ముక్క తీసి చూపిస్తారు, అనుకోండి, ఏడు. ఇక ఒకటి లోన, ఒకటి బయట పంచుకుంటూ పోతారు. ఇంకో ఏడు ఎటువైపు పడితే అటు పెట్టినవాళ్లు గెలిచినట్టు. ముప్పై సెకన్ల పని. మా తమ్ముడి కళ్లు ఆ గుడ్డ మీద అతుక్కుపోయాయి. చెయ్యి జేబు మీదకి రెండుసార్లు పోయింది.

నేను వాడి భుజం పట్టుకుని కాలువ గట్టు దాకా తీసుకొచ్చాను. చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ పుణ్యమా అని మా వైపు చెరుకు తెలియని ఇల్లు ఉండదు.

అప్పుడడిగాడు. "అన్నయ్యా, నువ్వు గోవాలో పోకర్ టోర్నమెంట్ ఆడావంట కదా. నిజమేనా? మీ ఫ్రెండు స్టేటస్ చూశాలే."

ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను.

"ఎంత వచ్చింది?"

"చెప్తాను. ముందు నువ్వొకటి చెప్పు. నీ చేతిలో రెండు ఎనిమిదులు వచ్చాయి. ఏం చేస్తావ్?"

పోకర్ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, నిజంగానే రెండు ముక్కలు. టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి రెండే ముక్కలు పంచుతారు. అవి చూసి ఒకసారి పందెం. తర్వాత అందరికీ కలిపి మధ్యలో మూడు ముక్కలు తెరుస్తారు, అది ఫ్లాప్. మళ్లీ పందెం. ఇంకొకటి టర్న్, చివరిది రివర్. మొత్తం ఏడు ముక్కల్లో మంచి ఐదు ఎవరివో వాళ్లదే పాట్. ఎప్పుడంటే అప్పుడు ముక్కలు కిందపడేసి తప్పుకోవచ్చు. మన రమ్మీలో స్కూట్ అన్నట్టు.

పంచిన రెండూ ఒకే నంబరు అయితే దాన్ని పాకెట్ పెయిర్ అంటారు. సగటున 17 చేతులకి ఒకసారి వస్తుంది. రెండు ఆసులో రెండు రాజులో వస్తే ఏం చేయాలో చిన్నపిల్లాడికీ తెలుసు. రెండు, మూడు జతలైతే ఆశ తక్కువ. చిక్కంతా మధ్యలో. ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులు, పదులు. పారేయాలంటే మనసొప్పదు. మొత్తం పెట్టాలంటే ధైర్యం చాలదు.

ఎందుకంటే లెక్క ఇది. నీ దగ్గర ఎనిమిదుల జత ఉంది. ఫ్లాప్‌లో మూడో ఎనిమిది పడే అవకాశం నూటికి 12 సార్లే. దాదాపు ఎనిమిదిన్నరకి ఒకటి. తొమ్మిది నుంచి ఆసు దాకా, నీకంటే పెద్ద ముక్క కనీసం ఒకటైనా ఫ్లాప్‌లో కనిపించే అవకాశం నూటికి 87. అంటే చేతిలో చూసినప్పుడు ముద్దొచ్చిన జత, మధ్యలో మూడు ముక్కలు తెరవగానే అనుమానంగా కనిపిస్తుంది. ఎదుటివాడి దగ్గర ఆసు, రాజు ఉంటే నువ్వే కాస్త ముందు, 55కి 45. వాడి దగ్గర పదుల జతో, జాకీల జతో ఉంటే నువ్వు గెలిచేది అయిదింటికి ఒకసారి. గెలిస్తే బొటాబొటిగా గెలుస్తావు. మునిగితే పూర్తిగా మునుగుతావు.

"అయితే పడేయాలి" అన్నాడు తమ్ముడు.

"అలా అని రూల్ ఉంటే నేనెందుకు అంత దూరం పోతాను?"

దసరాకి ఇంటికొచ్చి, హైదరాబాద్ వెళ్తున్నానని అమ్మకి చెప్పి, విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇద్దరు ఫ్రెండ్స్. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్లారి, హుబ్బళ్లి. మన వైపు నుంచి గోవా పోయేవాళ్ల బండి అది. బోగీలో సగం తెలుగే. పులిహోర డబ్బాలు, పేక ముక్కలు, పక్క బెర్తుల మధ్య దుప్పటి పరిచి ఆట. లోండా దాటి క్యాజిల్ రాక్ నుంచి ఘాట్ దిగేటప్పుడు అందరూ తలుపుల దగ్గరికి వచ్చేశారు. వానలు వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, దూద్‌సాగర్ పాలు పొంగినట్టే ఉంది. రైలు ఆ నీటి పక్క నుంచే పోతుంది, మొహం మీద తుంపర పడుతుంది. ఆ ప్రయాణానికి అదొక్కటే చాలు. అక్కడితో వెనక్కి వచ్చేస్తే ఇంకా బాగుండేది.

మడ్గావ్‌లో దిగి పణజి. మాండవి నది మీద క్యాసినో ఓడలు. రాత్రి ఆ లైట్లు చూస్తే బెజవాడ కృష్ణా పుష్కరాలు గుర్తొచ్చాయి. గోవాలో చట్టం వేరు, అక్కడ లైసెన్స్ ఉన్న క్యాసినోలో కూర్చుని ఆడొచ్చు. మన దగ్గర అలా కాదు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ, పోకర్ ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. మన చట్టం వచ్చినప్పుడు ఆడినవాడికి ఆరు నెలల జైలు అని పేపర్లో చదివి మా హాస్టల్లో చాలామంది యాప్‌లు పీకేశారు, కొందరు లొకేషన్ మార్చే యాప్‌లు వేసుకున్నారు. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతా బంద్.

టోర్నమెంట్ ఎంట్రీ 11 వేలు. అందుకు బదులు 25 వేల చిప్స్ ఇస్తారు. ఆ చిప్స్‌ని మధ్యలో డబ్బుగా మార్చుకోలేవు. అయిపోతే ఇంటికి. చివరి తొమ్మిది మందికే ప్రైజు. ఇంకో మెలిక ఏంటంటే, ప్రతి రౌండులో ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన చిన్న పందేలు ఉంటాయి, బ్లైండ్స్. అవి అరగంటకోసారి పెరుగుతూ పోతాయి. అంటే నువ్వేం ఆడకుండా కూర్చున్నా కరిగిపోతావు. కౌలు రైతు లాగా.

నాకు ఆ రోజు ఎనిమిదుల జత మూడుసార్లు వచ్చింది.

మొదటిసారి ఆట మొదలైన గంటలోపే. బ్లైండ్స్ 100, 200. ఒకాయన 500కి పెంచాడు. నా దగ్గర ఇంకా 24 వేల పైనే, ఆయన దగ్గరా అంతే. ఇలాంటప్పుడు ఎనిమిదుల జత లాటరీ టికెట్ లాంటిది. కాకపోతే లెక్క ఉన్న లాటరీ. ఎనిమిదిన్నరకి ఒకసారి మూడో ఎనిమిది పడుతుంది. పడినప్పుడు వెనక పెద్ద మొత్తం వస్తేనే గిట్టుబాటు. అందుకే పెట్టేదానికి కనీసం పదిహేను, ఇరవై రెట్లు ఇద్దరి దగ్గరా ఉండాలంటారు ఆడేవాళ్లు. ఉంది. 500 పెట్టాను. ఫ్లాప్‌లో రాజు, జాకీ, నాలుగు. ఆయన మళ్లీ పందెం వేశాడు. నేను ముక్కలు పడేశాను. పోయింది 500. బాధ లేదు.

రెండోసారి రాత్రి ఎనిమిదిన్నరకి. బ్లైండ్స్ 500, 1000. నా దగ్గర 21 వేలు. ఆఠీన్ ఎనిమిది, ఇస్పేటు ఎనిమిది. నాకంటే ముందు కూర్చున్న కుర్రాడు 2,500కి పెంచాడు. వాడి పక్కనున్న పెద్దాయన నిదానంగా 7,000కి పెంచాడు. సాయంత్రం నుంచి ఆయన ఆడిన చేతులు నాలుగే. అలాంటివాడు ముందొకడు పెంచిన తర్వాత ఇంకా పెంచాడంటే ఊరికే కాదు. పెద్ద జత ఉండాలి, లేదా ఆసు-రాజు. ఒకటైతే నేను అయిదింటికి ఒకటి. రెండోదైతే సగానికి కాస్త ఎక్కువ. పైగా మధ్యలో ఆ కుర్రాడు ఇంకా ఉన్నాడు. నేను నిమిషం ఆలోచించి మడిచేశాను.

ఇద్దరూ మొత్తం నెట్టేశారు. కుర్రాడివి ఆసు, రాజు. పెద్దాయనవి పదులు. ఫ్లాప్ తెరిచాడు డీలర్. మొదటి ముక్కే కళావరు ఎనిమిది.

"అయ్యో!" అన్నాడు మా తమ్ముడు, చెరుకురసం గ్లాసు పక్కన పెట్టేసి. "ఉండి ఉంటే?"

ఉండి ఉంటే నా 21 వేలు 60 వేలు దాటేవి. ఆ టేబుల్‌లో నాదే పెద్ద గుట్ట. అయినా ఆ మడత తప్పు కాదు. ఇప్పుడు మళ్లీ అదే చెయ్యి వస్తే మళ్లీ మడుస్తాను. ఇది మా తమ్ముడికి ఎక్కలేదు. నాకూ ఆ రాత్రి సరిగ్గా ఎక్కలేదు, నిజం చెప్పాలంటే. అవతలివాళ్ల చేతులు చూశాక తీర్పు చెప్పడం తేలిక. ముక్కలు బోర్లా ఉన్నప్పుడు ఏం తెలుసో దానితోనే కదా ఎవరైనా చేసేది.

మూడోసారి పదకొండు కావస్తోంది. ఇంకా మిగిలింది పదకొండు మంది. ఇద్దరు పోతే మిగతా అందరికీ డబ్బులు. తొమ్మిదో స్థానానికి వచ్చేది కట్టిన ఎంట్రీకి కాస్త ఎక్కువ. నా దగ్గర 19 వేలు. బ్లైండ్స్ 1000, 2000, దానిమీద యాంటీ ఇంకో 2000. ఒక చుట్టు తిరిగేసరికి ఊరికే 5 వేలు పోతాయి. అంటే నాలుగు చుట్లు కూడా ఆగలేను. డీలర్ స్థానంలో ఉన్నాను. ముందువాళ్లందరూ మడిచారు. వెనక ఇద్దరే. మళ్లీ ఎనిమిదులు.

చేతిలో అవే రెండు ముక్కలు. కానీ ఇప్పుడు చెయ్యి వేరు. ముందెవరూ పెంచలేదు, ఎదురు ఇద్దరే, చిప్స్ తక్కువ. ఇక్కడ 2 వేలు పెట్టి ఫ్లాప్ చూద్దాం అనుకుంటే అది పిరికి ఆట. నూటికి 87 సార్లు పెద్ద ముక్క పడుతుంది, అప్పుడు ఏం చేస్తావ్? మొత్తం నెట్టెయ్యాలి, లేదా మడవాలి. ఆ ఇద్దరూ మడిస్తే మధ్యలో ఉన్న 5 వేలు ఆట లేకుండానే నావి. ఒక పక్క మనసు అంటోంది, ఆగు, ఇంకో ఇద్దరు పోతారు, ఎంట్రీ డబ్బులైనా వెనక్కి వస్తాయి.

మొత్తం నెట్టాను.

చివరాయన పిలిచాడు. డైమన్ రాజు, కళావరు రాణి. నూటికి 54, 55 సార్లు నాదే. ఫ్లాప్‌లో మూడు, మూడు, తొమ్మిది. టర్న్ ఆరు. ఒక్క ముక్క మిగిలింది. రివర్‌లో ఆఠీన్ రాణి.

పదకొండో స్థానం. ప్రైజు సున్నా. లేచి అందరికీ షేక్‌హ్యాండ్ ఇచ్చాను. ఏడు గంటల ఆటకి 11 వేలు. సినిమా టికెట్లు, పాప్‌కార్న్‌తో పోలిస్తే మరీ అన్యాయం కాదని నాకు నేనే చెప్పుకున్నాను.

"అంతేనా?" అన్నాడు తమ్ముడు.

అంతే అని చెప్పి ఊరుకోవచ్చు. ఫ్రెండ్స్‌కి అంతవరకే చెప్పాను. కాలువలో గుర్రపుడెక్క మెల్లగా పోతోంది. వెనక షామియానాలోంచి ఒకేసారి పదిమంది అరిచారు. ఎవరికో లోన పడినట్టుంది.

"మెట్లు దిగి కింద ఫ్లోరుకి వచ్చాను. అక్కడ కూడా ఇదే ఉంటుందిరా. లోన-బయట. అందర్-బాహర్ అని బోర్డు. ఏసీ, వెల్వెట్ గుడ్డ, టై కట్టుకున్న డీలరు. మిగతాదంతా ఆ షామియానానే. పైన ఓడిన 11 వేలు ఇక్కడ లాగేద్దామనుకున్నా. నలభై నిమిషాల్లో 14 వేలు."

వాడు మాట్లాడలేదు.

ఏడు గంటలు పోకర్ టేబుల్ ముందు నేను ఎంత బాగా ఆడానో అని మురిసిపోయాను. ఎనిమిదులు మడవగలిగిన మనిషిని! అదే మనిషి మెట్లు దిగి అందర్-బాహర్ దగ్గర నిలబడితే మడవడానికి అక్కడ ఏమీ లేదు. చెయ్యి చూసి ఆలోచించే అవకాశం లేదు, ఎదుటివాడి మొహం లేదు, స్కూట్ లేదు. మొదటి ముక్క పడే వైపుకి నూటికి 51, 52 సార్లు గెలుపు. అందుకే క్యాసినోవాళ్లు ఆ వైపు గెలిస్తే వందకి 90 రూపాయలే ఇస్తారు. ఊళ్లో అయితే నిర్వాహకుల కమీషన్ ఉంటుంది. ఎటు పెట్టినా నీ డబ్బులోంచి కొంచెం కొంచెం వాళ్లకి రాలుతూనే ఉంటుంది. నువ్వు చేయగలిగిన మంచి ఆట ఒక్కటే, ఆ గుడ్డ దగ్గరికి పోకపోవడం.

"మరి పోకర్ మంచిదంటావా?" అన్నాడు తమ్ముడు. తెలివైనవాడే.

ఇక్కడ మా బాబాయి సంగతి చెప్పాలి. వాడికీ తెలుసు, నాకూ తెలుసు, ఇంట్లో ఎవరూ మాట్లాడరు. బాబాయి ఆడింది లోన-బయట కాదు, మూడు ముక్కలాట కాదు. రమ్మీ. 13 ముక్కల ఆట. 1967 చివర్లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టే చెప్పింది, రమ్మీ కేవలం అదృష్టం ఆట కాదు, ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, అందులో నైపుణ్యం ఉందని. మూడు ముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టమే అంది. నడిపేవాడు ఆట మీద లాభం తీసుకుంటే అది వేరే కథ అని కూడా అదే తీర్పులో ఉంది. ఈ రెండో సగం మన పేకాట క్లబ్బులవాళ్లకి గుర్తుండదు.

బాబాయికి నైపుణ్యం ఉంది. మా పెదనాన్న ఇప్పటికీ చెప్తాడు, వాడు పడిన ముక్కలన్నీ వరసగా అప్పజెప్పేవాడని. అంత నైపుణ్యమూ ఉండి, నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు కాలువ పక్క అర ఎకరం అమ్మాడు. ఆ పొలంలో ఇప్పుడు పెట్రోలు బంకు. మేం బందరు రోడ్డు మీద ఎటు పోయినా దాని ముందు నుంచే పోవాలి. బాబాయి అక్కడ పెట్రోలు పోయించడు, ఇంకో మూడు కిలోమీటర్లు పోతాడు.

రెండేళ్ల క్రితం భోగి రాత్రి, మంట ఆరిపోతుండగా, ఆయనే ఒకసారి నోరు తెరిచాడు. నేను అడగలేదు.

"చెత్త ముక్కలతో ఎవడూ మునగడురా. తొలి స్కూట్ కొట్టి 20 ఇచ్చి కూర్చుంటాం. మిడిల్ స్కూట్ అయితే 40. నన్ను ముంచింది ఎప్పుడూ బాగున్న చెయ్యే. సీక్వెన్స్ ఉంది, జోకర్ ఉంది, ఒక్క ముక్క వస్తే షో. ఆ ఒక్క ముక్క కోసం కూర్చునేవాణ్ణి. అవతలివాడు షో కొట్టేవాడు. ఫుల్ కౌంట్."

ఆ రాత్రి నాకు అది పేకాట గురించిన మాటగానే వినిపించింది. గోవాలో ఎనిమిదులు పట్టుకుని కూర్చున్నప్పుడు మళ్లీ వినిపించింది. మడిచేశాను. ఆ తర్వాత మెట్లు దిగాను చూడండి, అప్పుడు మాత్రం వినిపించలేదు.

ఇదంతా తమ్ముడికి చెప్పలేదు. వాళ్ల నాన్న గురించి వాడితో ఏం చెప్తాను? "పద, మిషను ఆయన ఎదురు చూస్తుంటాడు" అన్నాను.

కోత మిషను షెడ్డు దావులూరు వైపు. సీజను అయిపోయిన మిషన్లు రెండు దుమ్ము కొట్టుకుని పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఆయన అరుగు మీద గారెలు తింటున్నాడు. మమ్మల్ని చూసి ఆయన భార్య ఇంకో రెండు ప్లేట్లు తెచ్చింది. వద్దన్నా వినరు. అల్లం పచ్చడి బాగుంది. ఈసారి గింజ తాలు తక్కువ పోయిందని, మినుముకి మంచు పట్టిందని, బందరు రోడ్డు పక్క గజం రేటు ఎంతంటున్నారని, పావుగంట.

తమ్ముడు కట్ట తీసి ఇచ్చాడు. ఆయన వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"ముప్పై రెండే ఉన్నాయి బాబూ. పదహారు వేలు."

తమ్ముడు గారె వైపు చూస్తున్నాడు.

నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. పొద్దున జేబు మీదకి పోయిన చెయ్యి. బరి దగ్గరికి తిప్పిన బండి. మేం కాలువ గట్టున నిలబడి నేను పెద్దమనిషిలా పర్సెంటేజీలు చెప్తున్నంతసేపూ ఆ నాలుగు నోట్లు కట్టలో లేవు.

"మిగతాది ఫోన్‌పే చేస్తానండీ" అన్నాను. గోడకి అంటించిన స్కానర్ దగ్గరికి లేచి వెళ్లాను. రెండు వేలు. టింగ్ అంది ఆయన ఫోను.

బండి ఎక్కాం. మెయిన్ రోడ్డు దాకా ఇద్దరం మాట్లాడలేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు వెనక నుంచి అడిగాను.

"ఎప్పుడు?"

"రాత్రి" అన్నాడు. "లోన పెట్టా అన్నయ్యా. బయట పడింది."

"నాలుగు సార్లా?"

తలూపాడు. హెల్మెట్ లేదు కాబట్టి చెవులు ఎర్రబడటం కనిపించింది. ఇప్పుడు తిట్టాలంటే 14 వేలు పోగొట్టుకున్నవాణ్ణి రెండు వేలు పోగొట్టుకున్నవాడి మీద అరవాలి. పెట్రోలు బంకు వచ్చింది. రిజర్వులో ఉంది బండి. తమ్ముడు వేగం తగ్గించలేదు, ముందుకు పోనిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి నాటుకోడి మసాలా వాసన సందు చివరికే వస్తోంది. పిన్ని అరిటాకులు కడుగుతోంది. బాబాయి వాకిట్లో మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"పది నిమిషాలన్నారు, రెండు గంటలయింది. మొత్తం ఇచ్చారా?"

"ఇచ్చేశాం బాబాయ్" అన్నాను నేను.

ఆయన పేపరు దించి నా మొహంలోకి చూశాడు. తర్వాత వాడి మొహంలోకి. చాలాసేపే చూశాడు.

"చేతులు కడుక్కుని రండి" అన్నాడు.